కొత్త కోడలు డాక్టర్ సింహాచలం

డాక్టర్ సింహాచలం గారికి నలభై దాటాయి. ఆరడుగుల మనిషి, మనిషికి తగ్గ మీసం. పెద్దాసుపత్రిలో ఏళ్ల తరబడి కత్తి పట్టిన సర్జన్. అంతటి మనిషిని గరుడాద్రి వైద్య కళాశాల గుమ్మంలో ఆపేసి, "పేరు చెప్పి లోపలికి రండి" అన్నారు.

ఆయన జేబులోంచి నియామక పత్రం తీశారు.

"మీ పేరు కాదండీ, అది మాకు తెలుసు. మీ హెచ్‌ఓడీ గారి పేరు. కొంచెం సిగ్గుపడుతూ చెప్పాలి. వీడియో తీస్తున్నారు."

ఆ మాటన్నది డాక్టర్ లలితమోహన్. చర్మవ్యాధుల ప్రొఫెసర్. అది చాలదన్నట్టు కొత్తగా పెట్టిన స్వాగత, సత్కార, స్థిరీకరణ విభాగానికి డైరెక్టర్ కూడా. అందుకని ఆయన మెడలో రెండు కార్డులు వేలాడుతున్నాయి. ఆయన వెనక ఇద్దరు నర్సులు ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. గడప లేని ఆ అద్దాల తలుపు మధ్యలో ఇత్తడి చెంబు నిండా బియ్యం ఉంది.

"ఎవరిదండీ పెళ్లి?" అని అడిగారు సింహాచలం.

"మీదేనండీ. అంటే, సంస్థతో."

అసలు సంగతేమిటంటే, గరుడాద్రిలో డాక్టర్లు నిలవరు. చేరినవాళ్లు చేరినట్టే వెళ్లిపోతూ ఉంటారు. కారణాలు తెలుసుకోవడం కష్టమేమీ కాదు గాని, తెలుసుకుంటే సరిచెయ్యాల్సి వస్తుంది కాబట్టి యాజమాన్యం ఆ జోలికి పోలేదు. ఇంతలో చైర్మన్ పైడిరాజు గారు పట్నంలో ఒక పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకి వెళ్లారు. అక్కడ టై కట్టుకున్నాయనొకడు, "మీ సిబ్బందిని మీ కుటుంబ సభ్యుల్లా చూసుకోండి, ఎక్కడికీ పోరు" అన్నాడు. హాల్లో ఉన్న మిగతా యజమానులంతా ఆ మాట రాసుకుని భోజనానికి వెళ్లిపోయారు. పైడిరాజు గారు మాత్రం గోగునార మిల్లు నడిపి పైకొచ్చిన మనిషి. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం తప్ప ఆయనకి ఇంకో పద్ధతి తెలీదు. తిరుగు ప్రయాణంలో కారులో ఆలోచించుకుంటూ వచ్చారు. కుటుంబంలోకి కొత్తగా వచ్చేదెవరు? కోడలు. కొత్త చోటైనా, తెలియని మనుషులైనా, కోడలు మూడో నెలకే రాజీనామా చెయ్యదేం?

ఇంటికి రాగానే భార్యని అదే అడిగారు.

"ఎక్కడికెళ్తుంది గనక?" అంది ఆవిడ చిక్కుళ్లు ఒలుచుకుంటూ.

ఆయన దాన్ని పరిశోధనా ఫలితంగా తీసుకున్నారు. వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఇకమీదట మన సంస్థయందు నూతనముగా చేరు అధ్యాపక వైద్యులను కొత్త కోడలితో సమానముగా పరిగణించవలెను. సదరు వైద్యుని శాఖాధిపతికి అత్తగారి హోదా, ఇతర శాఖాధిపతులకు ఆడపడుచు హోదా కల్పించడమైనది. స్త్రీ పురుష భేదము పాటించబడదు."

కాబట్టి లలితమోహన్ గారు ఆ పొద్దున ఆడపడుచు హోదాలో గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"డాక్టర్ విశాలాక్షి గారు," అన్నారు సింహాచలం.

"సిగ్గు రాలేదు. మరొక్కసారి."

మూడోసారికి కోపంతో మొహం ఎర్రబడింది. కెమెరాకి అది చాలింది. ఆపైన బియ్యం చెంబు. కుడికాలితో సుతారంగా తన్నాలని చెప్పారు గాని, ఆయన కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడిన మనిషి. చెంబు రిసెప్షన్ బల్ల దాకా ఎగిరింది. లలితమోహన్ తన పుస్తకంలో "ఉత్సాహం: అత్యధికం" అని రాసుకున్నారు.

అత్తగారు లోపలే ఉన్నారు. డాక్టర్ విశాలాక్షి, సర్జరీ విభాగం హెచ్‌ఓడీ. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. జరీ చీర మీద తెల్లకోటు వేసుకుని హారతి పళ్లెం పట్టుకున్నారు. పళ్లెం సింహాచలం బొడ్డు దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇంతకు మించి లేవదండీ ఈ చెయ్యి," అన్నారావిడ గొంతు తగ్గించి. "భుజం పట్టేసింది. ఆర్నెల్లయి కత్తి పట్టలేదు. మీ పొట్టకే హారతిచ్చాననుకోండి. ఏమీ అనుకోకండి, నాకూ ఇష్టమై చెయ్యట్లేదు."

"ఫరవాలేదు మేడం. వార్డు ఎటు?"

ఆ మాటకి ఆవిడ మొహం వికసించింది. ఆ గుమ్మంలో ఎర్రనీళ్లు తిప్పించుకున్నవాళ్లలో వార్డెక్కడని అడిగింది ఆయనొక్కడేనట.

వార్డులో కిటికీ పక్క మంచం మీద సోములమ్మ ఉంది. చేపలు అమ్ముకునే మనిషి. పిత్తాశయం నిండా రాళ్లు. తిన్నది ఇమడదు. డొక్కలో నొప్పి వచ్చిందంటే గంప నెత్తిన పెట్టుకున్నది పెట్టుకున్నట్టే రోడ్డు మీద కూర్చుండిపోతుంది. సింహాచలం ఆమె పొట్ట మీద చెయ్యి వెయ్యబోతే ఆ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మూడో ఓడివి బావూ. మొదటోడు నొక్కి సూసి, వచ్చే మంగళవారం కోసెస్తానన్నాడు. మరి కనబడనేదు. రెండోడు నొక్కనైనా నొక్కనేదు, ఎల్లిపోనాడు. నువ్వెప్పుడెల్తావో అది సెప్పీసి నొక్కు."

"నీ ఆపరేషన్ అయ్యేదాకా ఎక్కడికీ వెళ్లను."

"ఒట్టెయ్యి."

విశాలాక్షి గారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. సింహాచలం ఒట్టేశారు.

వేశాక తెలిసింది, కొత్త కోడలికి పదహార్రోజుల పండగ దాకా ఎవరూ పని చెప్పకూడదని. ఆయన వార్డు వైపు నడిస్తే ఆడపడుచులు దారికి అడ్డం వచ్చేవారు. "అయ్యో, అప్పుడే పనేంటండీ, కూర్చోండి." ఆయనకోసం ప్రత్యేకంగా ఒక గది. దాని గుమ్మానికి మామిడాకులు, లోపల పూలు చుట్టిన ఉయ్యాలబల్ల. పూటపూటకీ క్యాంటీన్ నుంచి సున్నుండలు. సాయంత్రం పేరంటానికి వచ్చినట్టు ఒక్కో విభాగం నుంచీ జనం వచ్చి చూసి పోయేవారు. "మనిషి నదురుగానే ఉన్నాడు, మాటే తక్కువ" అని ఎముకల విభాగం వాళ్లు, "మీసం తీసేస్తే బాగుండును" అని ఎనాటమీ వాళ్లు. ఉయ్యాలబల్ల ఆయన బరువుకి కిర్రుమంటూ ఉండేది.

భార్య రత్నమాలకి ఫోన్ చేసి ఇదంతా చెప్పుకుని వాపోయారు. ఆవిడ సాంతం విన్నది.

"మీ ఇంట్లో అడుగుపెట్టిన మర్నాడే మీ అమ్మగారు నా చేత మినప్పప్పు రుబ్బించారు. పదహార్రోజుల పండక్కి బూరెలు నేనే వండాను. మీ కాలేజీ వాళ్లు నన్ను కూడా కోడలిగా తీసుకుంటారేమో కనుక్కోండి," అని పెట్టేసింది.

మొత్తానికి పండగ అయింది. అత్తగారు కోడలికి కొత్త కత్తెరల పెట్టె, పట్టుపంచె పెట్టారు. మర్నాటి ఆపరేషన్ల పట్టికలో సోములమ్మ పేరు పైన ఉంది. ఆమె పొద్దున్నే తలకి నూనె రాసుకుని జడ వేసుకుని కూర్చుంది. సింహాచలం చొక్కా చేతులు మడుచుకుంటూ మెట్లెక్కుతుంటే లలితమోహన్ ఎదురొచ్చారు, చేతిలో కొత్త ఉత్తర్వుతో.

"ఆషాఢం వచ్చిందండీ."

"అయితే?"

"ఆషాఢ మాసమందు అత్తాకోడళ్లు ఒకే గడప దాటరాదు. ఇది సంస్థ విధానానికి సహజమైన కొనసాగింపు. కొత్త ఫ్యాకల్టీ యావన్మందినీ శ్రావణం దాకా పుట్టింటికి పంపించవలసిందిగా నిర్ణయమైంది. పుట్టిల్లు అనగా వెనుకటి కళాశాల. సారె కింద జంతికలు, అరిసెలు కూడా మంజూరయ్యాయి."

ఆయనలాగే ఆ నెలలో చేరిన పిల్లల డాక్టరు, రక్తపరీక్షల డాక్టరు సారె బుట్టలు పట్టుకుని మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయారు. పిల్లల డాక్టరు బస్సులోంచే రాజీనామా పంపించాడు. స్థిరీకరణ విభాగం దాన్ని రాజీనామాగా లెక్కించలేదు. "పుట్టింట్లో ఉన్నవారు" అనే కొత్త వరుస తెరిచి అందులో వేసింది. ఆ లెక్కన సంస్థ చరిత్రలో మొదటిసారిగా మానేసినవాళ్లు ఎవరూ లేరు. చైర్మన్ గారు విభాగాన్ని అభినందించారు.

సింహాచలం సారె పుచ్చుకోలేదు. నేరుగా సమావేశ మందిరానికి వెళ్లారు. ఆయన బుద్ధిమంతుడే గాని, తెలివైన మాట ఎక్కడ ఆడకూడదో తెలీని మనిషి.

"గడప దాటకూడదంటున్నారు. బాగానే ఉంది. అసలు గడపేదండీ? స్ట్రెచర్లు దొర్లాలని ఆసుపత్రి తలుపులకి గడపలు పెట్టరు. లేని గడపని ఎవరు దాటుతారు?"

పైడిరాజు గారు తల పంకించారు. ఆయన కళ్లలో నిజమైన పశ్చాత్తాపం కనబడింది.

"నిజమేనండి. ఇన్నాళ్లు ఎవులూ సెప్పలేదు సూడండి. ఇంత ఆస్పత్రి కట్టి గడపలే పెట్టలేదు! ఇదేటి లలితమోహనం గారూ?"

"లోపాన్ని గుర్తించాం సర్. యుద్ధప్రాతిపదికన సవరిస్తాం."

ఆ వారంలోనే వడ్రంగులు దిగారు. ఔట్ పేషెంట్ల హాలు మొదలుకుని ఆపరేషన్ థియేటర్ దాకా ప్రతి తలుపుకీ జానెడెత్తు వేపచెక్క గడప పడింది. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. బొట్లు చెరక్కుండా చూసేందుకు షిఫ్టుల వారీగా మనుషుల్ని వేశారు. ఆ రోజు నుంచీ స్ట్రెచర్ ప్రతి గడప దగ్గరా ఆగాలి, నలుగురు మనుషులు దాన్ని పల్లకీలా ఎత్తి అవతల దింపాలి. దింపినప్పుడల్లా మీదున్నవాళ్లు గోవిందా అనేవాళ్లు. సాంబారు బండి రెండో అంతస్తు చేరేసరికి సగమయ్యేది. చూసుకోకుండా తట్టుకుని పడ్డవాళ్లతో ఎముకల విభాగం కళకళలాడింది. వాళ్ల కేసుల సంఖ్య పెరిగినందుకు నోటీసు బోర్డులో ప్రశంస కూడా వచ్చింది.

సింహాచలానికి ఎవరి మొహం చూడాలన్నా సిగ్గేసింది. ఈసారి అడగకుండానే వచ్చింది.

పుట్టింటికి వెళ్లనన్న కోడలు అత్త దాటిన గడప దాటకుండా ఉంటే చాలని తేల్చారు. అత్తాకోడళ్లిద్దరూ ఇప్పుడు గడపకి అటొకరు ఇటొకరు కుర్చీలు వేసుకుని కేసులు మాట్లాడుకునేవారు. స్కానింగు ఫిల్ములు కిటికీలోంచి చేతులు మారేవి. ఒక మధ్యాహ్నం విశాలాక్షి గారు ఫిల్ము వెలుగుకి ఎత్తి పట్టుకోబోయి భుజం సహకరించక ఆయనకే తిరిగి ఇచ్చేశారు.

"పొద్దున సోములమ్మకి మళ్లీ వచ్చింది. చలిజ్వరం కూడా. మందులకి తగ్గింది గాని, ఇంకోసారి వస్తే తగ్గుతుందని నేను చెప్పలేను. ఈ తెరపిలోనే తీసెయ్యాలి."

"మీరు సరేనంటే రేపే చేస్తాను మేడం."

"కొత్త సర్జన్ మొదటి ఆపరేషన్ హెచ్‌ఓడీ దగ్గరుండగానే చెయ్యాలి. ఆ నియమం నేనే పెట్టాను, మంచి నియమమే. పైగా అక్కడ లోపల అంతా అతుక్కుపోయి ఉంటుంది. నా చెయ్యి పని చెయ్యదు గాని, కళ్లు పని చేస్తాయి. మీ పక్కన నేనుండాలి." ఆవిడ గడప వైపు చూశారు. "ఉండటానికి వీల్లేదు."

చైర్మన్ గారి దగ్గరికి వెళ్లారు. ఆవిడ గదిలో, ఆయన వరండాలో. పైడిరాజు గారు చెడ్డవాడు కాడు. అంతా విని బాధపడ్డారు.

"మీ ఇద్దరి సేమం కోసమేనండి ఇదంతాను. మేడం గారికి ఏటైనా అయితే? శ్రావణం దాకా ఆగదా ఆ రాయి?"

"రాయికి పంచాంగం తెలీదండి," అన్నారు సింహాచలం వరండాలోంచి.

"సంస్థ సానుభూతితో పరిశీలిస్తోంది," అన్నారు లలితమోహన్. "గోడ పగలగొట్టి థియేటర్‌కి రెండో గుమ్మం పెట్టే విషయమై ప్రత్యామ్నాయ గడప ఉపసంఘాన్ని వేశాం. సదరు ఉపసంఘం నివేదిక శ్రావణ మాసంలో అందుతుంది."

"శ్రావణంలో గడప దాటొచ్చు కదండీ?"

"అందుకే ఆ లోపల తొందరపడటం లేదు."

వార్డుకి రెండు గుమ్మాలున్నాయి కాబట్టి సింహాచలం తన వైపు గుమ్మంలోంచి వచ్చి సోములమ్మ మంచం పక్కన కూర్చున్నారు. ఆమె మొహం పసుపుకొమ్ములా అయిపోయింది. ఐనా నోరు మాత్రం తగ్గలేదు.

"ఏటి బావూ, మొకం ఏలాడేసినావు? అత్త కొట్టిందా?"

"లేదు. నన్ను థియేటర్లోకి రానివ్వరట."

"నన్ను మాత్రం రానిత్తన్నారేటి? కడుపు పొటోకని తీసుకెల్లి, ప్రతి గుమ్మం కాడా ఎత్తి కుదేసినారు. కాలు కింద పెట్టనిస్తే కదా! శవాన్ని మోసినట్టు మోసేసినారు. కడుపులో రాళ్లన్నీ లెక్కెట్టుకున్నాను."

సింహాచలం చప్పున ముందుకు వంగారు.

"కాలు కింద పెట్టలేదా?"

"పెట్టనేదు."

"రేపు పొద్దున ఏమీ తినకు," అని లేచారు. ఆ సాయంత్రం కిటికీ దగ్గర అత్తగారితో చాలాసేపు మాట్లాడారు. నవ్వు వినబడిందని తరువాత నర్సులు చెప్పుకున్నారు.

మర్నాడు పొద్దున విశాలాక్షి గారు అందరికంటే ముందే థియేటర్ గడప దాటి లోపలికి వెళ్లారు. లలితమోహన్ బయట కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు, కెమెరా మనిషితో సహా. కాసేపటికి నడవా చివరినుంచి రెండు స్ట్రెచర్లు వచ్చాయి. మొదటిదాని మీద సోములమ్మ. రెండోదాని మీద మెడదాకా ఆకుపచ్చ దుప్పటి కప్పుకుని, కాళ్లు బయటికి పొడుచుకొచ్చి, డాక్టర్ సింహాచలం.

సోములమ్మ మెడ తిప్పి చూసింది. "ఏటి బావూ, నీకూ రాళ్లేనా?"

"లేవమ్మా. నీ వెనకాలే వస్తున్నాను."

"ఒరే నాయనా! అయితే కోసీదెవులు?"

లలితమోహన్ కుర్చీలోంచి లేచి గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "డాక్టర్ గారూ, ఇది ఉల్లంఘన. ఇది దాటడమే."

"నేను దాటట్లేదండీ, పడుకున్నాను," అన్నారు సింహాచలం కప్పు వైపు చూస్తూ.

"ఉద్దేశపూర్వకంగా మోయించుకోవడం కూడా దాటడం కిందికే వస్తుందా రాదా అన్నది ఉపసంఘానికి..."

"లలితమోహన్ గారూ!" లోపలినుంచి విశాలాక్షి గారి గొంతు వచ్చింది. ఆవిడ చేతులు కడుక్కుని ఎడమ చేత్తో కుడి మోచెయ్యి ఎత్తిపట్టుకుని నిలబడి ఉన్నారు. "ఈ ఇంటికి అత్తగారెవరు?"

"మీరేనండీ. హోదా రీత్యా."

"మీరు?"

"ఆడపడుచుని."

"నా కోడలు గడప తొక్కలేదని అత్తగార్ని నేనంటున్నాను. అత్త ఒప్పుకున్నాక ఆడపడుచు కాదనేది ఏ ఇంట్లోనో చూపించండి. అప్పుడు ఆపుతాను."

లలితమోహన్ ఉత్తర్వు అటూ ఇటూ తిరగేశారు. అత్తగారి మాటకి ఎదురు చెప్పే ఏర్పాటు అందులో లేదు. ఆయనకి పెళ్లై పాతికేళ్లయింది, ఇంట్లో కూడా లేదు. పక్కకి జరిగారు.

సోములమ్మని నలుగురు ఎత్తారు. సింహాచలాన్ని ఎత్తడానికి ఆరుగురు కావలసి వచ్చారు. ఒకడు నడుం పట్టుకుని, "సార్, ఆ సున్నుండలు కొంచెం తగ్గించాల్సింది" అన్నాడు.

లోపల అనుకున్నదాని కంటే కష్టంగానే ఉంది. ఎన్నోసార్లు వాచి తగ్గి, అన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఏది నాళమో ఏది పొరో తెలీని చోట ఒకసారి సింహాచలం చెయ్యి ఆగింది. "తొందరేం లేదు," అన్నారు విశాలాక్షి గారు ఆయన భుజం పక్కనుంచి. "ఇంకా కిందికి. అదుగో, ఆ తెల్లటిది. దాన్ని ముట్టుకోకండి, పక్కనుంచి రండి." ఆయన పక్కనుంచి వచ్చారు. కాసేపటికి పిత్తాశయం ఊడి చేతికి వచ్చింది. గిన్నెలో రాళ్లు టకటకమని పడ్డ చప్పుడు బయట కూర్చున్న లలితమోహన్ గారికి కూడా వినబడింది.

మర్నాటికల్లా చైర్మన్ గారు వీడియో చూశారని కబురు వచ్చింది. సింహాచలం బట్టలు సర్దుకుని ఉంచుకున్నారు. విశాలాక్షి గారు కూడా ఒక ఉత్తరం రాసి పెట్టుకున్నారు. పైడిరాజు గారు వార్డులోకి వచ్చి, ఇద్దరి ముందూ నిలబడి కళ్లు ఒత్తుకున్నారు.

"ఇన్నేళ్లలో డాట్రులు ఈ ఆస్పత్రిలోంచి బయటికి పరిగెత్తడమే సూసినాను. లోపలికి రావడానికి మోయించుకున్నోడ్ని ఇప్పుడే సూసినాను." ఆయన వెనక్కి తిరిగారు. "రాసుకోండి లలితమోహనం గారూ. ఇక నుంచి కొత్తగా సేరినోళ్లందర్నీ ఇలాగే మోసుకెల్లాలి. స్ట్రెచరు బాగులేదు. పల్లకీ సేయించండి. బోయీల్ని పెట్టండి."

"పల్లకీ మీద శాలువా ఉండాలా సర్?"

"ఉండాలి."

"ఏమండీ," అన్నారు సింహాచలం మెల్లగా, "ఆ గడపలు తీయించేస్తే..."

పైడిరాజు గారు చెవులు మూసుకున్నారు. "తప్పండి! పసుపు రాసిన గడప పెరుకుతారేటండి?"

వాళ్లు వెళ్లాక విశాలాక్షి గారు తన ఉత్తరం మడిచి కోటు జేబులో పెట్టుకున్నారు. సింహాచలం సోములమ్మ మంచం కింద పెట్టుకున్న తన బట్టల పెట్టె వైపు చూశారు. బస్సు మధ్యాహ్నానికి ఉంది.

సోములమ్మ గంజి తాగుతూ ఇద్దర్నీ గమనిస్తోంది. "నాకోసం ఆగనక్కర్నేదు బావూ. ఒట్టు తీరిపోనాది. ఎల్తే ఎల్లు," అంది.

"ఆ మూల మంచం మీద ముసలాయనకి వరిబీజం," అన్నారు విశాలాక్షి గారు ఎవరితోనో అన్నట్టు. "ఆ పక్కావిడకి గొంతులో గడ్డ. ఇద్దరూ మనం వస్తామని పొద్దుట్నుంచీ నీళ్లు కూడా తాగలేదు."

ఆవిడ ఇంకేమీ అనకుండా వెళ్లిపోయి, థియేటర్ గడప దాటారు.

సింహాచలం పెట్టెని అక్కడే వదిలేశారు. తరువాత నడవాలోకి వచ్చి, గోడకి ఆనించి ఉన్న స్ట్రెచర్ దగ్గరికి లాక్కుని, చెప్పులు విడిచి దానిమీద వెల్లకిలా పడుకున్నారు. మీసం సవరించుకుని, చేతులు గుండెల మీద పెట్టుకున్నారు.

"ఎత్తండర్రా," అన్నారు.

ఆరుగురూ ఒక్కసారి మూలిగి ఎత్తారు. వార్డు గుమ్మంలోంచి అది చూసి సోములమ్మ గంజి గ్లాసు కింద పెట్టింది.

"పరవానేదు," అంది పక్క మంచం మనిషితో. "ఈడు కాపరం సేసీలాగే ఉన్నాడు."